ముందు రెండక్షరాలు

గని మెస్‌లో గరిటె పట్టుకుని నిలబడే ఉద్యోగంలో గున్వోర్‌కు మొదట అరిగింది కుడి భుజం. ఆ తర్వాత మోకాళ్ళు. ఓపిక చాలాకాలం నిలిచింది గాని, చివరికి అదీ పలచబడింది.

షిఫ్టు దిగిన గనివాళ్ళు ఎంత తోముకున్నా కళ్ళ చుట్టూ బొగ్గు కాటుకలా మిగిలే ఉండేది. బూట్లు గుమ్మంలో విప్పేసి, ఊలు మేజోళ్ళతో వరసగా వచ్చి, పళ్ళెం చాపి, ఉడికించిన బంగాళదుంపలూ మాంసం ఉండలూ పెట్టించుకుని, "థాంక్స్" అని జరిగిపోయేవాళ్ళు. మంచివాళ్ళే. కూర్చుని కబుర్లాడే ఓపిక వాళ్ళకూ లేదు, ఆమెకూ లేదు.

భర్తతో విడిపోయాక, ఉత్తరాన గనిలో వంటమనిషి కావాలన్నారని విని ఒక్క సంచీతో స్వాల్‌బార్ద్ దీవులకు వచ్చేసింది గున్వోర్. ఒకటి రెండు చలికాలాలు గడిపి మళ్ళీ కిందికి వెళ్ళిపోదామనుకుంది. నార్వే నేలను అక్కడందరూ "కింద" అనే అంటారు. వచ్చినప్పుడు గోధుమరంగులో ఉన్న జుట్టు తెల్లబడిపోయినా ఆమె ఇంకా అక్కడి లాంగ్‌యియర్‌బీన్ ఊళ్ళోనే ఉండిపోయింది. ఉద్యోగంతోపాటు ఇచ్చిన ఒంటిగది, కిటికీ తీస్తే కొండ, కొండ నిండా మంచు. చలికాలమంతా పగలు కూడా దీపాలే.

ఆమెను రేడియో దగ్గరికి తీసుకెళ్ళింది హాల్గైర్. గనిలో కరెంటు పని చేసేవాడు. దక్షిణాన ఆరెందాల్‌వాడు కాబట్టి మాట మెత్తగా, సాగదీసినట్టు ఉండేది. ఊరికి ఎగువన, వాలు మీద రేడియో క్లబ్బుకు ఒక చెక్క గుడిసె ఉండేది. ఆదివారాలు అక్కడికి వెళ్ళి లోకంతో మాట్లాడేవాడు. ఒకసారి మెస్‌లో పళ్ళెం చాపి, "ఆదివారం ఏం చేస్తావు?" అని అడిగాడు.

"పడుకుంటాను."

"మా గుడిసెలో పడుకో. కాఫీ కూడా ఉంటుంది."

వెళ్ళింది. పడుకోలేదు. హాల్గైర్ మైకు పట్టుకుని ఏవో అక్షరాలూ అంకెలూ చెబుతుంటే స్పీకర్‌లోంచి ఎవరెవరో అలాంటివే తిరిగి చెబుతున్నారు. కాసేపు విని, "ఎవరికీ పేర్లు లేవా?" అంది.

"అవే పేర్లు. కాల్‌సైన్ అంటారు. చూడు, ప్రతి దేశానికీ మొదట్లో ఒకటో రెండో అక్షరాలు పంచారు. ఐ అంటే ఇటలీ. డీఎల్ అంటే జర్మనీ. మనకి ఎల్ఏ. అది చెవిన పడగానే ఎక్కణ్ణించి మాట్లాడుతున్నాడో తెలిసిపోతుంది. తర్వాతి అంకె, దాని వెనక అక్షరాలు మనిషివి. నా అంకే, నా అక్షరాలూ కలిపి మన దేశంలో ఇంకెవరికీ ఇవ్వరు."

"మరి నువ్వు ఎల్ఏ అనట్లేదుగా. జే ఏదో అంటున్నావు."

"జేడబ్ల్యూ. స్వాల్‌బార్ద్‌కి వేరే ఇచ్చారు. కింద ఉంటే ఎల్ఏ, ఇక్కడికొస్తే జేడబ్ల్యూ. వెనకాలది మారదు. కోటు మారుతుంది, లోపలున్నది వాడే."

ఆ చలికాలం గున్వోర్ బంగాళదుంపల తొక్కు తీస్తూ రేడియో లైసెన్సు పరీక్ష పుస్తకం చదివింది. మొదటిసారి పరీక్ష తప్పింది, మరుసటి ఏడు గట్టెక్కింది. వచ్చిన కాల్‌సైన్: ఎల్ఏ ఆరు, డబ్ల్యూ, హెచ్, ఏ. గాలిలో అక్షరాలు తారుమారు కాకుండా ఒక్కోదాన్నీ ఒక మాటగా పలకాలి. అవి విస్కీ, హోటల్, ఆల్ఫా.

హాల్గైర్ కుర్చీలోంచి జారిపోయేంత నవ్వాడు. "మెస్ నడిపేదానికి విస్కీ హోటలా? ఈ ఊళ్ళో మందు సీసా కొనాలంటే రేషన్ కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. నీకు మాత్రం సర్కారే హోటల్ ఇచ్చింది."

"నువ్వొస్తే నీళ్ళే పోస్తాను" అంది గున్వోర్. అప్పటినుంచి మెస్‌లో అందరికీ ఆమె విస్కీ హోటల్.

మొదటిసారి మైకు నొక్కి "జేడబ్ల్యూ ఆరు విస్కీ హోటల్ ఆల్ఫా" అని వదిలిందో లేదో, వేసవిలో సముద్రపు కొండచరియ మీద పక్షులు ఒక్కసారిగా లేచినట్టు స్పీకర్ నిండా గొంతులు. పోలండ్‌వాళ్ళు, స్పెయిన్‌వాళ్ళు, ఎక్కడెక్కడివాళ్ళో, ఒకరి మీద ఒకరు పడి తమ కాల్‌సైన్ అరుస్తున్నారు. ఆమె మైకు వదిలేసి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తన గొంతు వినడానికి ఇంతమంది ఎగబడడం ఆమె పుట్టి బుద్ధెరిగాక లేదు.

"రెండక్షరాలు దొరకబుచ్చుకో. మిగతావాళ్ళని ఆగమను. తర్వాత ఇంకొకడు. మెస్‌లో వడ్డించినట్టే" అన్నాడు హాల్గైర్.

అతను మామూలుగా అన్న మాటే. కొన్నేళ్ళకు అది ఆమెకు గుచ్చుకోవడం మొదలైంది. ఒకడి కాల్‌సైన్ పట్టుకోవాలి, "ఐదు తొమ్మిది" అని చెప్పాలి, అంటే నీ గొంతు బాగా వినిపిస్తోందని అర్థం. వాడూ అదే చెప్పి, థాంక్స్ అని తప్పుకుంటాడు. వెనక ఇంకొకడు. వారమంతా గరిటె, ఆదివారం ఇది.

ఒకసారి ఇటలీ మనిషి ఒకతని గొంతు ఎందుకో తీరుబడిగా వినిపించింది. "మీ ఊళ్ళో వానా?" అని అడిగేసింది. అతను తడబడ్డాడు. అతను నోరు తెరిచేలోగా మధ్యలో ఇంకెవరో దూరి, "మేడమ్, ఇక్కడ జనం కాచుకుని ఉన్నారు" అన్నారు. వాన సంగతి తేలనే లేదు.

"వాళ్ళకి కావలసింది నువ్వు కాదు" అన్నాడు హాల్గైర్, కాఫీ పోస్తూ. "ముందున్న రెండక్షరాలు. లోకంలో ఉన్న చోట్లన్నీ ఒక్కొక్కటే పోగేసుకుంటున్నారు. వాళ్ళ గోడ మీద పటంలో ఒక ఖాళీ ఉంటుంది. నువ్వు దాన్ని నింపావు, అయిపోయింది."

"తెలుసు."

"తెలిస్తే మరి మొహం అలా పెట్టావేం?"

"మొహం ఎప్పుడూ ఇంతే. అలసిపోయాను, హాల్గైర్."

అయినా మానలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ చెక్కమెట్లు పట్టుకుని పైకెక్కేది. రెండక్షరాల కోసమే అయినా ఎవరో కాచుకుని ఉన్నారు కదా అనిపించేది.

హాల్గైర్ ముందు కిందికి వెళ్ళిపోయాడు. ఊపిరితిత్తులు చెడ్డాయి, మెట్లెక్కితే ఆయాసం. ఆరెందాల్‌లో భార్య తోరున్ దగ్గరికి చేరాడు. వెళ్ళేముందు, "రేడియో నేలమాళిగలో పెట్టేస్తోంది తోరున్. దాని ముందు కూర్చుంటే మాట్లాడకుండా ఉండలేనట, మాట్లాడితే ఊపిరి చాలదట" అన్నాడు. గున్వోర్ విమానాశ్రయం దాకా వెళ్ళింది.

కొన్నాళ్ళకు గని మూస్తారన్న వార్త వచ్చింది. మేనేజరు ఆ మాట మెస్‌లోనే చెప్పాడు. ఆ సమావేశానికి వాఫిల్ అట్లు వేసి, గోధుమరంగు మేకపాల చీజు పలచగా కోసి పెట్టింది గున్వోరే. గదులు ఉద్యోగంతోపాటు ఇచ్చినవి కాబట్టి ఉద్యోగంతోపాటే పోతాయి. ఆ ఊళ్ళో పనిలేనివాడికి చోటు లేదు, ముసలివాడికి అంతకంటే లేదు. అది అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ గొంతు పెంచలేదు. ఒకతను వాఫిల్ ఇంకోటి అడిగాడు.

చివరి ఆదివారం ఆమె రేడియోలో చెప్పింది, ఇక వెళ్ళిపోతున్నాను, ఇదే ఆఖరు అని. అంతలో ఫ్రాన్స్‌నుంచి ఒకాయన, "మీ తర్వాత జేడబ్ల్యూలో ఎవరుంటారు? ఆ చోటు నాకు మాటల్లోనే దొరికింది, మోర్స్ కోడ్‌లో ఇంకా దొరకలేదు" అన్నాడు. కనుక్కుని చెబుతానంది. తర్వాతివాణ్ణి పిలిచింది. అందరినీ పంపేసి, కప్పు కడిగి బోర్లించి, గుడిసెకు తాళం వేసింది.

కింద, మూషేన్ ఊళ్ళో, అక్క రాగ్ని ఇంటి బేస్‌మెంట్‌లో దిగింది గున్వోర్. రాగ్ని గలగలా మాట్లాడే మనిషి, చర్చి బృందంలో పాడుతుంది. వచ్చిన కొత్తల్లో గున్వోర్‌కు చెట్లంటే ఊపిరాడనట్టుండేది. ఎటు చూసినా బర్చి చెట్లు, స్ప్రూస్ చెట్లు, వాటి వెనక ఏముందో కనిపించదు. వృద్ధాశ్రమం వంటింట్లో సగం రోజు పని దొరికింది. మళ్ళీ గరిటే.

యాంటెన్నా తీగ కట్టడానికి పెరట్లో ఎత్తయినది జెండా కొయ్య ఒక్కటే.

"కట్టుకో" అంది రాగ్ని. "మే పదిహేడుకి మాత్రం విప్పేయాలి. జాతీయ దినం నాడు నా జెండాకి నీ తీగ అడ్డం రాకూడదు. మిగతా ఏడాదంతా ఆ కొయ్యని నువ్వే ఏలుకో."

తీగ కట్టింది. మైకు నొక్కి, "ఎల్ఏ ఆరు విస్కీ హోటల్ ఆల్ఫా" అని పిలిచింది. స్పీకర్ బుస్సుమంటూనే ఉంది. మళ్ళీ పిలిచింది. నార్వేనుంచి మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు, ఎల్ఏ ఎవరి గోడ మీదా ఖాళీగా లేదు. ఎప్పుడైనా ఒకరిద్దరు పలికినా, ఐదు తొమ్మిది చెప్పి జారుకునేవాళ్ళు. కోటు మారింది, లోపలున్నది తనే. లోపలున్నదాని కోసం పిలిచినవాళ్ళు లేరు. పని నుంచి వచ్చి, మోకాళ్ళ మీద వేడినీళ్ళ సంచీ పెట్టుకుని, పిలిచీ పిలిచీ ఆపేసేది.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం రాగ్ని పాట సాధనకు వెళ్ళింది. గున్వోర్ మాట్లాడకుండా రేడియో వింటోంది. ఇద్దరు ఇంగ్లండువాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"ఈమధ్య జేడబ్ల్యూ ఎవరైనా విన్నారా?"

"లేదు. గని మూసేశారుగా. అక్కడ ఒకావిడ ఉండేది."

ఒకావిడ. వాళ్ళు వెళ్ళిపోయాక డయల్ మీద ఆ చోటు ఖాళీ అయింది. గున్వోర్ మైకు అందుకుని పిలిచింది. నోటికి అలవాటైన పిలుపే వచ్చింది: "జేడబ్ల్యూ ఆరు విస్కీ హోటల్ ఆల్ఫా."

పొరపాటని ఆ క్షణమే తెలిసింది. దిద్దుకోవడానికి మళ్ళీ మైకు నొక్కేలోపే ఐర్లండునుంచి ఒక వృద్ధుడి గొంతు, వణుకుతూ, ఒక్కొక్క అక్షరం విడదీసి తన కాల్‌సైన్ చెప్పింది. "అమ్మా, నీకోసం ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను" అంది.

ఆమె ఐదు తొమ్మిది చెప్పింది.

అంతే, పక్షులన్నీ లేచాయి. ఒకరి తర్వాత ఒకరు. ఆమె నడుము నిటారైంది, భుజం నొప్పి గుర్తుకు రాలేదు. మనసులో ఒక మూల, ఇదిగో ఈ ఒక్కడితో ఆపేస్తాను అనుకుంటూనే ఉంది. కిటికీలో వెలుతురు తగ్గుతోంది. ఇంకా జనం ఉన్నారు.

అప్పుడు ఆ సందడి కింద నుంచి, నార్వే భాషలో, మెత్తగా సాగదీసిన గొంతు ఒకటి మధ్యమధ్య ఊపిరి పీల్చుకుంటూ వినిపించింది.

"విస్కీ హోటల్. అక్కడ చలి ఎలా ఉంది?"

గున్వోర్ స్పీకర్ దగ్గరికి వంగింది.

"మూషేన్‌లో అడుగుతున్నాను, గున్వోర్. చలి ఎలా ఉంది?"

మిగతావాళ్ళకు ఆ భాష రాదు. వాళ్ళు అరుస్తూనే ఉన్నారు. హాల్గైర్ డయల్ మీద ఒక అంకె చెప్పి, "కాస్త పైకి రా, మాట్లాడుకుందాం" అన్నాడు. ఆమె వాళ్ళందరినీ అలాగే వదిలేసి డయల్ తిప్పింది.

"నీ రేడియో నేలమాళిగలో ఉందన్నావు" అంది. నోటికి వచ్చిన మొదటి మాట అదే.

"నేనూ నేలమాళిగకి దిగాను. తోరున్‌కి తెలియదు. తెలిసే ఉంటుంది. ఎంతమందిని పలకరించావు?"

"చాలామందిని."

"వాళ్ళందరూ స్వాల్‌బార్ద్ దొరికిందని రాసేసుకుని ఉంటారు."

"ఎల్ఏ అంటే ఎవరూ పలకట్లేదు, హాల్గైర్."

"తెలుసు. నేనొచ్చిన కొత్తల్లో, తోరున్ దీన్ని కిందికి దించేదాకా, ఎల్ఏ ఎల్ఏ అని పిలిచాను. పలికింది తోరున్ ఒక్కతే, వంటింట్లోంచి, అన్నం చల్లారిపోతోందని." అతను దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. "ముందున్న అక్షరాలు మనవి కావు, గున్వోర్. ఆ చోటువి. ఆ చోట ఉన్నన్నాళ్ళూ వాడుకోమని ఇచ్చారు. వెళ్ళి చెప్పేయ్."

"తిడతారు."

"తిడతారు" అన్నాడు అతను. "నేను వింటూ ఉంటాను. అంతకంటే చెయ్యగలిగింది లేదు."

ఆమె లేచి ఒక గ్లాసు నీళ్ళు తాగింది. తిరిగి వచ్చి కూర్చుని డయల్ వెనక్కి తిప్పింది. తనను పిలుస్తున్న గొంతులు ఇంకా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో, వచ్చినంతలో చెప్పింది. ఇది ఎల్ఏ ఆరు విస్కీ హోటల్ ఆల్ఫా. నేను నార్వేలో, మూషేన్ ఊళ్ళో ఉన్నాను. స్వాల్‌బార్ద్‌లో లేను. ఇవాళ మీకు చెప్పింది అబద్ధం, దయచేసి కొట్టివేయండి. ఆ తర్వాత తను పలకరించిన కాల్‌సైన్లు ఒక్కొక్కటే పలికింది, ఎవరూ తెలియక మిగిలిపోకూడదని.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకడు ఈల వేశాడు, ఇంకొకడు బూతులు తిట్టాడు, మరొకడు ఆమె మాట వినపడకుండా మోర్స్ మీట నొక్కిపట్టి ఉంచాడు. ఆ కూత మధ్యలోంచే ఆమె చివరి కాల్‌సైన్ దాకా చెప్పింది. అప్పటికి జనం సగం పలచబడ్డారు, తర్వాత మొత్తం పోయారు. స్పీకర్ మళ్ళీ బుస్సుమంది. హాల్గైర్ గొంతు కూడా వినిపించలేదు. అతను నేలమాళిగ మెట్ల మీద తోరున్‌కు దొరికిపోయాడని ఆమెకు మర్నాడు ఫోన్‌లో తెలిసింది.

దానితో పోలేదు. రేడియోవాళ్ళు రాసుకునే వెబ్‌సైట్లలో ఆమె కాల్‌సైన్ కొన్ని వారాలు నలిగింది. ఎవరో ఫిర్యాదు చేశారు, అధికారులనుంచి హెచ్చరిక వచ్చింది. మళ్ళీ జరిగితే లైసెన్సు ఉండదని మర్యాదగానే రాశారు. ఐర్లండు ముసలాయనకు విడిగా క్షమాపణ రాసింది. ఆయన జవాబు రెండు ముక్కలే: మా ఆవిడకు అప్పుడే చెప్పేశాను, ఇప్పుడు మళ్ళీ కాదని చెప్పుకోవాలి. ఆ మాట గున్వోర్‌ను తిట్లకంటే ఎక్కువగా పట్టుకుంది. వృద్ధాశ్రమంలో చేపల పులుసు కలుపుతూ ఊరికే గుర్తొచ్చేది.

రాగ్నికి ఈ సంగతి పొరుగాయన ద్వారా చేరింది. బేస్‌మెంట్ మెట్ల మీద నిలబడి, "రేడియోలో అబద్ధం ఆడావట. ఏమని?" అంది.

"ఉన్న ఊరు మార్చి చెప్పాను."

"అంతేనా? మా పాటల బృందంలో వయసు మార్చి చెప్పినవాళ్ళు ఇద్దరున్నారు, పాపం చక్కగా పాడతారు." ఒక్క మెట్టు దిగింది. "ఏడ్చావా?"

"లేదు. అంత ఓపిక లేదు."

"పైకి రా, సూప్ ఉంది."

గున్వోర్ రేడియోకు ప్లగ్గు పీకేసింది. మే పదిహేడుకు తీగ విప్పింది, జెండా దిగాక కూడా మళ్ళీ కట్టలేదు. ఎండాకాలంలో ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడిచి వచ్చేది. చెట్లు కొంచెం అలవాటయ్యాయి.

సెప్టెంబరులో హాల్గైర్ ఫోన్ చేశాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారట, మాట్లాడుతుంటే సుయ్యిమని వినిపిస్తూనే ఉంది.

"ఆదివారం పొద్దున ఒక్కపూటకి తోరున్ ఒప్పుకుంది, అప్పుడు మావాళ్ళు కొందరం కలుస్తాం, రేడియోలో. అన్నీ ఎల్ఏలే. ఒకరు అందరి కాల్‌సైన్లూ వరసగా పిలవాలి, వాళ్ళు ఉన్నామని చెప్పాలి. ఆ పని నాది. నాకిక ఊపిరి చాలట్లేదు. నువ్వు చెయ్యి."

"నా కాల్‌సైన్ వింటే నవ్వుతారు."

"నవ్వితే ఏం? వాళ్ళలో సగంమందికి చెవులే సరిగా లేవు."

"నాకు ఓపిక లేదు, హాల్గైర్."

"నాకు ఊపిరే లేదు" అన్నాడతను, ఏ బరువూ లేకుండా.

ఆ శనివారం రాగ్ని నిచ్చెన పట్టుకుంది, గున్వోర్ కింద నిలబడి చెబుతుంటే పొరుగాయన జెండా కొయ్యకు తీగ ఎక్కించాడు. ఆదివారం పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని, ఎల్ఏ ఆరు విస్కీ హోటల్ ఆల్ఫా అని చెప్పి, హాల్గైర్ ఇచ్చిన వరసలో పిలవడం మొదలుపెట్టింది. మొదట పలికినవాడు రోరోస్ దగ్గరి రైతు, గరగర గొంతు.

"విస్కీ హోటల్, ఇవాళ ఎక్కడున్నావు? ధ్రువం దగ్గరా, చంద్రుడి మీదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. గున్వోర్ చెవులు వేడెక్కాయి. "మూషేన్‌లో" అంది. "మా అక్క బేస్‌మెంట్‌లో. పక్కన వాషింగ్ మెషీను తిరుగుతోంది, వినపడుతోందా?"

"వినపడుతోంది. మాది పాడైంది. ఏ కంపెనీది?"

చెప్పింది. దాని మీద ఇద్దరు ముగ్గురు వాదించుకున్నారు. తర్వాతి పేరు పిలిచింది. అది పలకలేదు. ఇంకోసారి పిలిచి, కాస్త ఆగింది. "ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు, తుంటి విరిగింది" అన్నారెవరో. ఆ తర్వాత హాల్గైర్ కాల్‌సైన్. అతను మాట్లాడలేదు. మోర్స్ మీట మీద రెండు మూడు చుక్కలు, గీతలు నెమ్మదిగా కొట్టాడు, ఉన్నానని.

అలా ప్రతి ఆదివారం. జనం లేరు, ఎగబడేవాళ్ళు లేరు. ఆమెకు అలసట పోలేదు. సోమవారం మళ్ళీ వృద్ధాశ్రమం, మళ్ళీ గరిటె, రెండో మోకాలికి కూడా ఆపరేషన్ అని డాక్టరు అంటూనే ఉన్నాడు. హాల్గైర్ కొన్ని వారాలు పలుకుతాడు, కొన్ని వారాలు తోరున్ ఫోన్ చేసి ఇవాళ లేవలేదని చెబుతుంది.

మొన్నటి ఆదివారం లోఫోతెన్ దీవులనుంచి హెర్‌బోర్గ్ అనే ముసలామె వంతు వచ్చింది. గొర్రె ఒకటి కొండ దిగి రానంటోందని మొదలుపెట్టి, దాని తల్లి సంగతీ, ఆ తల్లిని అమ్మిన పక్కింటివాడి సంగతీ చెప్పుకుంటూ పోయింది. వరసలో ఇంకా ఐదారుగురు ఉన్నారు. గున్వోర్ మైకు కిందపెట్టి, కుర్చీ వెనక్కి జరిపి, కాలు స్టూలు మీదికి చాపుకుంది. కాఫీ చల్లారిపోయింది. హెర్‌బోర్గ్ ఇంకా గొర్రె దగ్గరికి తిరిగి రాలేదు.